శుక్రవారం వచ్చిన దగ్గు

దగ్గుకి వారం లేదు, వర్జ్యం లేదు. తులసమ్మకు మాత్రం అన్నీ ఉన్నాయి. శుక్రవారం కోయకూడదు, మంగళవారం కోయకూడదు, ఆదివారం సరేసరి. ద్వాదశి, పౌర్ణమి, అమావాస్య, సంక్రమణం, ఇంట్లో మైల ఉన్న రోజులూ పనికిరావు. ఏ రోజైనా సరే, దీపాలు పెట్టాక అసలే ముట్టకూడదు. ఇవన్నీ తీసేస్తే నెలకి పట్టుమని పదిహేను రోజులు మిగులుతాయో లేదో! ఈలోగా శుక్రవారం రాత్రి పసివాడు ఖళ్ళుఖళ్ళుమంటూ లేచి కూర్చుంటాడు. అప్పుడేం చెయ్యాలి?

నవ్వకండి. మన ముందుతరాల ఆడవాళ్ళు నిజంగా తల పట్టుకున్న ప్రశ్న ఇది. దణ్ణం పెట్టుకునే మొక్కని కషాయం కాచుకోవచ్చా అన్న మీమాంస పండితసభల్లో కంటే వంటిళ్ళలోనే ఎక్కువ నలిగి ఉంటుందని నా అనుమానం.

వైద్యులకైతే ఈ బెంగే లేదు. చరకసంహితలో ఈ మొక్క పేరు సురస. ఎక్కిళ్ళకీ, దగ్గుకీ, ఆయాసానికీ, డొక్కలో పోటుకీ, విషానికీ మంచిదన్నారు. ఎక్కడన్నారో తెలుసా? అల్లం, ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి గుణాలు చెప్పిన వరసలో! ఉల్లిపాయ పక్కన తులసమ్మని కూర్చోబెడితే మన అత్తగార్లు ఊరుకునేవారా? సుశ్రుతుడు ఏకంగా ఒక మందుల గుంపుకే సురసాది గణమని పేరు పెట్టాడు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు భావప్రకాశంలో తులసి పేర్లు వరసగా చెబుతూ 'సులభ' అన్న పేరు కూడా చేర్చాడు. సులభంగా దొరికేది అని. ఆ సులభని దుర్లభం చేసింది తరవాతి వాళ్ళు.

పురాణాల్లో ఆవిడ ఇల్లాలు. బ్రహ్మవైవర్తంలో శంఖచూడుడి భార్య, పద్మపురాణంలో జలంధరుడి భార్య బృంద. భర్త రూపంలో వచ్చిన విష్ణువు చేతిలో మోసపోయి, చివరికి ఆయనకే ప్రియమైన మొక్క అయింది. (ఈ న్యాయం సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.) విష్ణుపత్ని అయ్యాక ఆకు తుంచటం చిన్న విషయం ఎలా అవుతుంది? నిషిద్ధ దినాల్లో తులసి కోస్తే హరి శిరసు ఖండించినట్టేనని ధర్మశాస్త్రాలు భయపెట్టాయి.

అయితే ఒకటి గమనించండి. ఆ నిషేధం కోయడం మీద గాని తినడం మీద కాదు. గుళ్ళో తులసి వేసిన తీర్థం పోస్తూ పూజారిగారు చదివేదేమిటి? అకాల మరణాన్ని, సమస్త వ్యాధుల్ని పోగొడుతుందనే గదా! దేవుడి సన్నిధిలోనే అది మందు. భారతంలో విదురుడు కూడా వ్రతభంగం కాని ఎనిమిదింటిని చెబుతూ వాటిలో ఔషధాన్ని చేర్చాడు.

వైష్ణవుల్లో, ముఖ్యంగా చైతన్య సంప్రదాయంలో, పట్టింపు ఎక్కువ. కృష్ణుడికి అర్పించని ఆకు నోట్లో వేసుకోరు. జ్వరానికని ఆ తల్లిని ఉడకబెట్టడమంటే వాళ్ళకి అపచారం. స్వామి పాదాల దగ్గర పెట్టి తీసుకుంటే మాత్రం ఆక్షేపణ లేదు. కడుపులోకి వెళ్ళాక ప్రసాదమో, మందో ఎవరు తేలుస్తారు?

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఆడవాళ్ళు తులసి కోయకూడదంటారు. నీళ్ళు పొయ్యాలి, ముగ్గు పెట్టాలి, దీపం పెట్టాలి, ప్రదక్షిణాలు చెయ్యాలి. ఆకు కావాలంటే మాత్రం మగవాడు రావాలి. ఆరేళ్ళ మగపిల్లాడైనా చాలు, అరవయ్యేళ్ళ బామ్మ పనికిరాదు!

ఆడవాళ్ళేం తక్కువ తిన్నారా? రాలిన ఆకులు ఏరుకున్నారు. గురువారం పొద్దు వాలకముందే పిల్లాడిచేత కోయించి దాచుకున్నారు. తులసికి నిలవదోషం లేదని చెప్పింది ఆ శాస్త్రమే మరి. మా అమ్మమ్మ ఇంకా గడుసుది. కోటలో ఒక మొక్క, బావిగట్టున మరో మొక్క. రెండోదానికి ముగ్గు లేదు, దీపం లేదు. "ఆవిడ పూజకి, ఈవిడ పిల్లలకి" అనేది. అదే విత్తనం, అదే వాసన. ఎవరైనా వాదానికి దిగితే, "నేను బొట్టు పెట్టలేదుగా" అని నోరు మూయించేది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1767లో ఈ మొక్కకి ఆసిమమ్ శాంక్టమ్ అని పేరు పెట్టాడు. శాంక్టమ్ అంటే పవిత్రం. ఆయన 1753లోనే పెట్టిన టెన్యుఫ్లోరమ్ అన్న పేరే ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞులకి సమ్మతం. ఆ ఆకులో ఘాటుకి కారణమైన యూజెనాల్ మన పోపులపెట్టె లవంగంలోనూ ఉంది.

2020లో కరోనా వచ్చినప్పుడు కేంద్ర ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష కలిపి కషాయం తాగమంది. అది కరోనాకి చికిత్స కాదు, ఒంటికి బలమని మాత్రమే. మా వీధిలో తులసికోటలన్నీ వారం తిరక్కుండా బోడి అయిపోయాయి. ఏ వారం కోశారని ఎవరూ ఎవర్నీ అడగలేదు. మా పక్కింటావిడ మాత్రం ఆకు తుంచే ముందు రెండు చేతులూ జోడించి, తరవాత స్టవ్ వెలిగించుకునేది.