కెమెరా గిఫ్ట్ ఇస్తున్నారా..? బెంజ్ సర్కిల్‌లో షాపు మెట్లెక్కే ముందు ఇవి చూసుకోండి!

విజయవాడ: అబ్బాయి బీటెక్ పూర్తి చేశాడు. లేదంటే అమ్మాయికి 21 ఏళ్లు నిండాయి. బంగారం తనకొద్దంటోంది, బండి అప్పుడే వద్దని మీరంటున్నారు. ‘కెమెరా కొనిపెట్టు నాన్నా’ అన్న మాట మాత్రం ఇంట్లో రెండు మూడుసార్లు వినబడింది. సరే, ఆదివారం సాయంత్రం బెంజ్ సర్కిల్‌కి వచ్చారు. బందర్ రోడ్డు మీద ఏదో ఒక షోరూమ్‌లోకి వెళ్లారు. సేల్స్ కుర్రాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే.. ‘బడ్జెట్ ఎంత సార్?’

అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. ముందు తేలాల్సింది బడ్జెట్ కాదు, పిల్లలు దాంతో ఏం తీస్తారన్నది. ఎందుకంటే ఇది తక్కువలో పోయే గిఫ్ట్ కాదు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, కూడా వచ్చే కిట్ లెన్స్‌తో కలిపి, దాదాపు 60 వేల నుంచి 90 వేల వరకూ అవుతుంది. చాలా ఇళ్లలో అది రెండు మూడు నెలల జీతం. సరిగ్గా కుదిరితే పెళ్లిళ్ల సీజన్‌లో సెకండ్ కెమెరామ్యాన్‌గా వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకునే పనిముట్టు అవుతుంది. కుదరకపోతే మూడు నెలల్లో బీరువా ఎక్కుతుంది.

సర్‌ప్రైజ్ ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. మా మాట వినండి, కెమెరా విషయంలో సర్‌ప్రైజ్ వద్దు. పుట్టినరోజు కవర్‌లో ‘శనివారం కెమెరా కొనడానికి వెళ్తున్నాం’ అని చీటీ రాసి పెట్టండి. ఆ సంతోషమూ అంతే ఉంటుంది, పైగా కెమెరాని వాళ్లే చేత్తో పట్టుకుని చూసుకుంటారు. చిన్న చేతులకి పెద్ద బాడీ బరువు. పెద్ద చేతులకి బుల్లి కెమెరా గ్రిప్ దొరకదు. మనం చూసి చెప్పగలిగే విషయం కాదది.

రీల్సా.. పెళ్లిళ్లా.. పక్షులా?

రీల్స్, వ్లాగ్స్ అంటే స్క్రీన్ పక్కకి తెరుచుకుని ముందుకు తిరగాలి, మైక్ పెట్టుకునే సాకెట్ ఉండాలి. సోనీ జడ్‌వీ-ఈ10 (2021లో వచ్చింది), నికాన్ జడ్30 (2022), కెనాన్ ఆర్50 (2023).. ఈ మూడూ ఈ లెక్కకి సరిపోతాయి. వీటిలో కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉన్నది ఒక్క ఆర్50కే. మన మిట్ట మధ్యాహ్నం ఎండలో వెనక స్క్రీన్ మీద ఏమీ కనబడదు కాబట్టి ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకి అది చిన్న తేడా కాదు. అదే ఏడాది వచ్చిన కెనాన్ ఆర్100 రేటు తక్కువని షాపుల్లో చూపిస్తుంటారు. దాని స్క్రీన్ తిరగదు, టచ్ కూడా పనిచేయదు. ఫోన్‌తో పెరిగిన పిల్లలకి టచ్ లేని స్క్రీన్ ఇస్తే మొహం ఎలా పెడతారో ఊహించుకోండి.

ఇంకో మాట. పైన చెప్పిన వేటిలోనూ బాడీ లోపల సెన్సర్ కదిలి ఊపుని సర్దే ఏర్పాటు లేదు. కిట్ లెన్స్‌లో ఉన్నది కొంతవరకే ఆదుకుంటుంది. నడుస్తూ వీడియో తీయడమే అసలు పనైతే 2023లో వచ్చిన డీజేఐ ఆస్మో పాకెట్ 3 లాంటి గింబల్ కెమెరానే మేలు. దాని స్క్రీన్ తిప్పితే అడ్డం, నిలువు రెండూ తీయొచ్చు.

ఫొటోలే ఇష్టమైతే కథ వేరు. ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం, ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట.. ఇవన్నీ కిట్ లెన్స్‌తో బాగానే వస్తాయి. కొల్లేరులో, ఆటపాక దగ్గర పెలికాన్ పక్షులు తీస్తామంటే మాత్రం అది పనికిరాదు. కనీసం 300 మి.మీ. దాకా వెళ్లే లెన్స్ ఉండాలి. పక్షుల కోసమని కెమెరా కొని, కిట్ లెన్స్‌తో తీస్తే నీళ్ల మీద తెల్ల చుక్కలే కనబడతాయి. అందుకే డబ్బంతా బాడీ మీద పోయొద్దు. బాడీ ఒక మెట్టు తగ్గించినా ఫర్వాలేదు, 50 మి.మీ. ఎఫ్ 1.8 లాంటి చిన్న లెన్స్ ఒకటి జత చేయండి. మండపంలో లైటు తక్కువున్నా మనిషి మొహం తేటగా వస్తుంది, వెనకాల మసకగా పోతుంది. వాళ్లు కెమెరా అడిగింది చాలావరకు ఆ ఫొటో కోసమే.

డీఎస్‌ఎల్‌ఆర్ ఇంకా కొనొచ్చా?

కెనాన్ 1500డీ లాంటివి ఇప్పటికీ షాపుల్లో కనబడతాయి. 2018 మోడల్ అది. నికాన్ చివరగా తెచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్ డీ6, కెనాన్ చివరి పెద్ద మోడల్ 1డీఎక్స్ మార్క్ 3.. రెండూ 2020లో వచ్చినవే. ఆ తర్వాత కంపెనీల దృష్టంతా మిర్రర్‌లెస్ మీదే. అలాగని డీఎస్‌ఎల్‌ఆర్ చెత్తేం కాదు. బాబాయి దగ్గరో, తెలిసిన స్టూడియోలోనో పాత కెనాన్ లెన్సులుంటే నేర్చుకోవడానికి ఇంతకంటే చవక దారి లేదు. ఆ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెట్టుకుంటే రేపు ఆర్50కీ పనికొస్తాయి. నికాన్‌లో కాస్త జాగ్రత్త.. సొంత మోటారు లేని పాత లెన్సులు జడ్ కెమెరాల మీద ఆటోఫోకస్ చేయవు.

సెకండ్ హ్యాండ్ అయితే షట్టర్ కౌంట్ అడగండి. ఎంట్రీ లెవల్ బాడీల షట్టర్‌ని మామూలుగా లక్ష క్లిక్‌ల లెక్కన చూస్తారు. నాలుగు సీజన్ల పెళ్లిళ్లు తీసిన కెమెరా ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. లెన్స్‌ని లైటుకి ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది ఫంగస్. బేరం ఆడొద్దు, వదిలేయండి.

షాపులోనే టెస్ట్.. బయటికొచ్చి!

షోరూమ్‌లో లైట్లు ధగధగలాడుతుంటాయి. అక్కడ ఏ కెమెరాతో తీసినా బాగానే వస్తుంది. చీకటి పడ్డాక వెళ్లండి. అడిగితే డెమో పీస్‌ని గుమ్మం దాకా తెస్తారు. బెంజ్ సర్కిల్ దగ్గర రెండు నేషనల్ హైవేలు కలుస్తాయి, బళ్లకేం కొదవ లేదు. ఫ్లైఓవర్ కింద నుంచి వచ్చే బైక్ మీద ఫోకస్ పెట్టి పది క్లిక్‌లు కొట్టమనండి. ఎన్ని షార్ప్‌గా వచ్చాయో స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే మెగాపిక్సెళ్ల గోలంతా పక్కకి పోతుంది. 20 మెగాపిక్సెళ్లకీ 24కీ ఇన్‌స్టాలో తేడా కనిపెట్టినవాళ్లు మాకైతే ఇంతవరకూ తగల్లేదు.

‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అంటే వద్దనండి. కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 70 వేల బిల్లులో ట్యాక్స్ దాదాపు 10,700 రూపాయలు. అది మిగులుతుందని ఆశపడితే ఇండియా వారంటీ చేజారుతుంది. పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ చూడండి. బాడీ మీద ఉన్న సీరియల్ నంబర్, పెట్టె మీదది, బిల్లులోది.. మూడూ ఒకటే అయి ఉండాలి. బిల్లు పిల్లల పేరు మీదే రాయించండి. సర్వీస్ సెంటర్‌కి తిరిగేది వాళ్లే కదా.

ఇంకో 6-8 వేలు పక్కన పెట్టుకోండి. వీ30 అని రాసున్న 64 జీబీ కార్డు, ఇంకో బ్యాటరీ, వీడియోలు తీసేవాళ్లైతే కాలర్ మైక్. మా డెస్క్‌కి వచ్చే వీడియోల్లో బొమ్మ బాగుండీ సౌండ్ వినబడక పక్కన పెట్టేసేవే ఎక్కువ.

కొత్తదే కావాలా?

ఇప్పుడు కాలేజీ పిల్లల్లో పాత డిజిటల్ కెమెరాల మోజు నడుస్తోంది. 2005-2010 నాటి బుల్లి కెమెరాలు, ఆ ఫ్లాష్ కొట్టిన రంగులు వాళ్లకి కావాలి. 70 వేలు ఖర్చుపెట్టే ముందు ఇంట్లో అలమర ఒకసారి వెతకండి. మీ పెళ్లిరోజుకి కొన్న సైబర్‌షాట్ దొరకొచ్చు. కాకపోతే సోనీ ఎస్‌డీ కార్డులకి వచ్చింది 2010లోనే, అంతకు ముందువాటికి మెమరీ స్టిక్ కావాలి. కార్డు, చార్జర్ దొరుకుతాయో లేదో చూసుకున్నాకే చేతికివ్వండి.

కొత్తదైనా పాతదైనా మన దగ్గర అసలు శత్రువు తేమ. కృష్ణ పక్కన ఊరు, కాస్త దూరంలో సముద్రం. వానాకాలంలో బ్యాగులోనే పెట్టి బీరువాలో పడేస్తే లెన్స్‌కి ఫంగస్ పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు సిలికా జెల్ ప్యాకెట్లు.. కొన్ని వందల్లో అయిపోతుంది. ఏసీ గదిలోంచి ఎండలోకి తెచ్చేటప్పుడు కెమెరాని అరగంట బ్యాగులోనే ఉంచాలి, లేదంటే అద్దం మీద నీటి ఆవిరి కమ్ముతుంది. ఇంకోటి, కొన్న రోజే పూజ చేయిద్దామని దుర్గ గుడికి తీసుకెళ్తున్నారా..? లోపలికి కెమెరా అనుమతించరు. బండి పూజ లాగా ఇంట్లోనే కానిచ్చేయండి.