మన కాలం నాటి మూడు కార్లు

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత కారునో, స్కూటరునో ఇక వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని వస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఒక షరతు ఉంది: చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఈ షరతు మనకే పెడితే మన సంఘంలో ఎంతమంది నెగ్గుతారో చెప్పలేను. మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. మనం నిక్కర్లతో బడికి వెళ్లిన రోజుల్లో రోడ్డు మీద తిరిగిన కార్లు మాత్రం, మిగిలి ఉంటే, వయసు పరీక్ష అన్నీ పాసైనట్టే.

అన్నీ అంటే ఎన్నో కాదు, మూడు రకాలు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. ఇవి కాకుండా నాలుగోది కనిపిస్తే సినిమావాళ్లెవరో ఊళ్లోకి వచ్చారని పరిగెత్తేవాళ్లం.

మూడే ఎందుకు ఉన్నాయన్నది అప్పట్లో మనకు తట్టని ప్రశ్న. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ విదేశీ కార్లకు కొదవ లేదు. జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలో కార్లు బిగించి అమ్మేది, ఫోర్డ్ కూడా అదే పని చేసేది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల తర్వాత ప్రభుత్వం ఒక గీత గీసింది. విడిభాగాలు తెచ్చి బిగించడం కుదరదు, ఇక్కడే తయారుచేసే కార్యక్రమం ఉన్నవాళ్లే ఉండాలి అంది. అమెరికా కంపెనీలు సర్దుకుని వెళ్లిపోయాయి. మిగిలినవాటిలో ఒకటి బిర్లాల హిందుస్థాన్ మోటార్స్. 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, తర్వాత కలకత్తా పక్కన ఉత్తరపారాకు చేరింది. రెండోది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్, వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించినది. ఈయన పేరు మన సోషల్ పుస్తకాల్లో ఉండాల్సింది. విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రాన్ని 1941లో మొదలుపెట్టింది ఆయన సింధియా కంపెనీయే. మూడోది మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్.

పోటీ లేనప్పుడు కారు మారదు. బుక్ చేసుకున్నవాడు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. అందుకే ఆ కార్ల మీద జోకులు పుట్టాయి. హారన్ తప్ప అన్నీ మోగుతాయన్నది మీరూ వినే ఉంటారు. నా మాట వేరు. ముప్పై ఏళ్లపాటు ఒకే ఆకారంలో వచ్చిన కారులో చిన్న చిన్న తేడాలను గుర్తుపట్టడంలో ఉన్న సరదా, ఏడాదికో మోడల్ మారే ఇప్పటి కార్లలో దొరకదు.

అంబాసిడర్ సంగతే చూడండి. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మూలం. 1950ల చివర్లో ఇక్కడికి వచ్చి 2014 మే వరకు తయారైంది. దూరం నుంచి అన్నీ ఒకటే. దగ్గరికెళ్లి ముఖం చూస్తే వయసు తెలుస్తుంది. గ్రిల్లులో చిన్న చిన్న గళ్లు దగ్గరదగ్గరగా ఉంటే మార్క్ టూ, అంటే మన బడి రోజుల కారు. అడ్డంగా పట్టీలుంటే మార్క్ త్రీ, 1975 తర్వాతిది. గ్రిల్లు చిన్నదై, గళ్లు పెద్దవై, పక్కన నలుచదరం ఇండికేటర్లు ఉంటే మార్క్ ఫోర్, 1979 తర్వాతిది. ఆ మార్క్ ఫోర్ కాలంలోనే మన దేశంలో మొదటి డీజిల్ కారు వచ్చింది.

ఫియట్‌ను గ్రిల్లుతో కాదు, తలుపుతో పట్టుకోవాలి. 1964లో డిలైట్ వచ్చేదాకా ముందు తలుపులు వెనక వైపు కీళ్లతో, ఇప్పటి కార్లకు తిరగేసినట్టు తెరుచుకునేవి. చీరకట్టుకున్నవాళ్లకు దిగడం సులువు. దారిలో తలుపు ఊడితే మాత్రం గాలికి విసురుగా తెరుచుకుంటుంది. ఇటలీవాళ్లతో ఒప్పందం 1972లో ముగిశాక అదే కారు కొంతకాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ పేరుతో వచ్చింది. 1974 నుంచి చిత్తోడ్ రాణి పేరుతో పద్మిని అయింది. డిక్కీ మీద ‘ప్రెసిడెంట్’ అన్న అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్న బండి కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. ఆ పేరు బతికింది రెండేళ్లే.

హెరాల్డ్ ఇప్పుడు అరుదు. బోనెట్టుతో పాటు మడ్‌గార్డులు కూడా కలిసి ముందుకు వాలుతాయి, ఇంజను మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. దాని నాలుగు తలుపుల రూపం ఒక్క మన దేశంలోనే తయారైంది.

నంబరు ప్లేటు ఇంకో చరిత్ర పుస్తకం. 1989కి ముందు మన బళ్లకు ‘ఎ’తో మొదలయ్యే మూడక్షరాలు ఉండేవి. ఎన్టీఆర్ 1982లో ఊరూరా తిరిగిన షెవర్లే వ్యాన్, చైతన్య రథం, ‘ఏబీఆర్’ బండి. 1989 తర్వాత జిల్లా అంకెలు వచ్చాయి: గుంటూరుకు 7, కృష్ణాకు 16, విశాఖకు 31. ఆపైన రాష్ట్రం రెండైంది, టీఎస్ వచ్చింది, అది మళ్లీ టీజీ అయింది. మూడక్షరాల ప్లేటుతో ఇప్పటికీ తిరిగే కారు ఈ మార్పులన్నిటినీ చూసినట్టు లెక్క.

బాగా ఉంచుకున్న కారు అంటే ఏది? తళతళ మెరిసేదని చాలామంది అనుకుంటారు. నేను మెరుపును కాస్త అనుమానంగానే చూస్తాను. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుంటాను. యజమాని అనుమతితో, మధ్యలో గుడ్డ వేసి తలుపు అడుగున ఆనిస్తాను. రేకు ఉంటే అంటుకుంటుంది, పుట్టీ ఉంటే జారిపోతుంది. అసలు రంగు కాస్త వెలిసినా, పాత అద్దాలు, పాత మీటర్లు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు బెంచీ సీటు ఉన్నవి ఉన్నట్టే ఉండే బండి నా లెక్కలో మేలైనది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు, కారు సిద్ధమయ్యేలోపే 1911లో ఆయన పోయారు. మొత్తం మీద అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. అందాన్ని కాదనను, కానీ తిరగని కారు చెడకుండా ఉండటంలో గొప్పేముంది? నాకు అంతకన్నా ఇష్టమైనది ఢిల్లీలో లాల్ బహదూర్ శాస్త్రి స్మారకంలోని 1964 ఫియట్. ప్రధానమంత్రిగా ఉండి, 12,000 రూపాయల కారుకు 5,000 తక్కువై పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. ఆయన పోయాక ఆ అప్పును లలితా శాస్త్రి తన పెన్షన్‌లోంచి తీర్చారు.

ఇక మన ఊళ్ల సంగతి. పెట్రోలు ధర పెరిగిన తర్వాత మన జిల్లాల్లో అంబాసిడర్ యజమానులు చాలామంది మెకానిక్కుల దగ్గరికెళ్లి డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నారు. ఆ బళ్లే పెళ్లిళ్లకు, ఎన్నికలకు, అర్ధరాత్రి పురుళ్లకు తిరిగాయి. ఇప్పుడు ‘అసలు రూపం’ షరతు ముందు అవి నిలవవు. వింటేజ్ కాని పాత బండికి మిగిలేది ఐదేళ్లకోసారి రెన్యూవల్, లేదా తుక్కు. దర్జాగా షెడ్డులో నిద్రపోయిన కారుకు గౌరవం, ఊరికి పనికొచ్చిన కారుకు పాత ఇనుము ధరా? పనికోసం జరిగిన మార్పు కూడా ఆ కారు చరిత్రే. ఆ రోజుల్లోనే జరిగిందని రుజువున్న ఇంజను మార్పుకైనా నిబంధనలో చోటుండాలని నా అభిప్రాయం. రవాణా శాఖలో పనిచేసి రిటైరైన మిత్రులు మనలో ఉన్నారు, వాళ్లేమంటారో వినాలనుంది.

నాన్నగారి కారు ఇంకా టార్పాలిన్ కింద ఉన్నవాళ్లు, రంగు వేయించాలన్న ఆలోచన పక్కన పెట్టి ముందు ఆర్‌సీ పుస్తకం వెతకండి. అట్ట చిరిగిపోయినా పర్వాలేదు. అందులో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఉంటుంది, ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. బోనెట్ తెరిచి, కిరసనాయిల్‌లో తడిపిన గుడ్డతో మురికి తుడిచి, ఆ అంకెలు పుస్తకంలోవాటితో కలుస్తున్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడండి. కలిస్తే నాకు ఫోన్ చేయండి, చూడటానికి వస్తాను. కలవకపోయినా వస్తాను.