పాత దస్త్రాలు, కొత్త యంత్రం, ఒక ఏత్వం

మా ఊరి పేరును కొందరు బేస్తవారిపేట అనీ, కొందరు బెస్తవారిపేట అనీ వ్రాస్తారు. బృహస్పతివారమే వాడుకలో బేస్తవారమైంది కనుక ఏత్వంతో వ్రాస్తే పేరులో ఒక వారం కనిపిస్తుంది. ఎత్వంతో వ్రాస్తే బెస్తలు కనిపిస్తారు. ఏది మూలమో తేల్చడం నా ఉద్దేశం కాదు. పాత కంప్యూటరులోని తెలుగు దస్త్రాలను కొత్తదానికి చేర్చేటప్పుడు నాకెదురైన చిక్కు సరిగ్గా ఇలాంటి గుర్తుల దగ్గరే వచ్చింది.

1999 మొదలు కొన్నేళ్ళపాటు చుట్టుపక్కల పల్లెలలోని పొలాల పేర్లు, బావుల పేర్లు, కుంటల పేర్లు వృద్ధులనడిగి సేకరించాను. కొన్ని ఇంట్లోని విండోస్ 98 యంత్రంలో నేనే ఎక్కించాను. కొన్ని మార్కాపురంలో ఒక డీటీపీ దుకాణంలో టైపు చేయించాను. చేతివ్రాత పుస్తకాలను చెదలు తిన్నాయి. పేర్లు చెప్పినవారిలో పెక్కుమంది ఇప్పుడు లేరు.

పాత హార్డ్‌డిస్కును విప్పి, యూఎస్‌బీ అడాప్టరుతో కొత్త యంత్రానికి తగిలిస్తే దస్త్రాలన్నీ తేదీలతో సహా వచ్చాయి. తెరిచి చూస్తే మాత్రం తెలుగు లేదు. నెత్తిన కొమ్ములూ చుక్కలూ పెట్టుకున్న రోమను అక్షరాల బారులు! దస్త్రాలు చెడలేదు. వాటిలో తెలుగు అక్షరాలు మొదటినుండీ లేవు, అంతే.

దీని వెనుక కొంత చరిత్ర ఉన్నది. ఎనిమిది బిట్ల సంకేతంలో 256 స్థానాలే ఉంటాయి. భారతీయ లిపులకు ఉమ్మడిగా ఇస్కీ అనే ప్రమాణం ఏర్పడి 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర పొందింది. అచ్చుపని చేసేవారు దానిని పట్టించుకోలేదు. వారికి కావలసింది కాగితం మీద అందంగా పడే ఆకారం. అందుచేత రోమను అక్షరాల స్థానాలలో తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తులు మరొకచోట అమర్చి ఫాంట్లు చేశారు. ఏ సంస్థ అమరిక దానిదే. పత్రికలూ అంతే, ఒక్కొక్క పత్రికను అంతర్జాలంలో చదవడానికి ఒక్కొక్క ఫాంటు దించుకొన్న రోజులు మిత్రులు మరచి ఉండరు. విచిత్రమేమంటే, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును రోమను లిపిలో వ్రాసుకొన్నవారి దస్త్రాలు నేటికీ చెక్కుచెదరలేదు. లిపి పోయినా వర్ణక్రమం మిగిలింది మరి!

యూనికోడ్ 1991లోనే ఇస్కీ తొలి అమరికను అనుసరించి తెలుగుకు 128 గడులు కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, 2006లో లేఖిని వచ్చాకనే అది మన చేతికందింది. యూనికోడ్‌లో నిలువ ఉండేది ఆకారం కాదు, ఉచ్చారణ క్రమం. కొన్ని పాత ఫాంట్లలో క్రావడిని అక్షరానికి ముందే గీస్తారు. మార్చేటప్పుడు దానిని హల్లు తరువాతికి జరపాలి. పొల్లు మరొక తంటా. పాత ఫాంటులో పొల్లు వేరు, ఒత్తు వేరు. యూనికోడ్‌లో పొల్లు పక్కన హల్లు చేరగానే ఒత్తైపోతుంది. నడుమ కనబడని విభజన సంకేతం పెట్టకపోతే బస్‌స్టాండ్ బస్స్టాండ్ అవుతుంది.

ఇంట్లో ఎక్కించిన దస్త్రాల ఫాంటు పాత డిస్కులోనే దొరికింది. మార్పిడి పట్టిక ఒకటి తయారుచేసుకొని, పాత రూపాన్ని పక్కన పెట్టుకొని సరిచూశాను. దుకాణంలో చేయించిన వాటి ఫాంటు దొరకలేదు. ఆ దుకాణమూ ఇప్పుడు లేదు. అసలు పని అక్కడ మొదలైంది.

1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపం మీది చిన్న చిన్న శాసనాల చివర ఒకే అక్షరాలు మళ్ళీ మళ్ళీ రావడం గమనించి, అది ‘దానం’ అయి ఉంటుందని ఊహించి బ్రాహ్మీలిపిని విప్పాడు. నేనూ ఆ దారినే పట్టాను. ప్రతి పుటలోనూ ‘చేను’, ‘బావి’, ‘కుంట’ రాక తప్పదు కదా! వాటితో కొన్ని సంకేతాలు తేలాయి. ఊళ్ళ పేర్లతో మరికొన్ని తేలాయి. కంభం, గిద్దలూరు, తర్లుపాడు, రాచర్ల ఎంత మేలు చేశాయో చెప్పలేను. నెల తిరిగేసరికి చాలా భాగం చదవగలిగాను.

చిక్కంతా ఎత్వ ఏత్వాల దగ్గర, ఒత్వ ఓత్వాల దగ్గర. అక్షరాన్నిబట్టి గుర్తు ఆకారం మారుతుంది కనుక వాటి సంకేతాలు అనేకం. ఒకటి రెండుసార్లే వచ్చినదానిని పోల్చడానికి మరో మాట ఉండదు. ఇది కొత్త బాధ కాదు. చాలా తాళపత్రాలలో ఈ హ్రస్వదీర్ఘ భేదం పాటించలేదు. 1820లలో కడపలో బ్రౌను దొర పండితులను పెట్టి పాత గ్రంథాలకు కాగితపు ప్రతులు వ్రాయించినప్పుడు వారికీ ఇదే పని పడి ఉంటుంది. అప్పటికి మా కంభం, మార్కాపురం సీమ కడప జిల్లాలోనిదే. పద్యమైతే ఛందస్సు గురువో లఘువో చెబుతుంది. పొలం పేరుకు ఛందస్సు లేదు.

నిఘంటువు చూసి దిద్దవచ్చు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. నాకు సమ్మతం కాలేదు. నిఘంటువులో లేవనే కదా వాటిని సేకరించింది! దిద్దడం మొదలుపెడితే బేస్తవారాన్ని గురువారం చేసేదాకా ఆగము. అచ్చంగా వారు పలికిన రూపమే కావాలి.

అందుకని తేలని పేర్లను పట్టుకొని ఆ పల్లెలకే వెళ్ళి, పొలాల ప్రస్తుత యజమానులను అడుగుతున్నాను. కొందరు తడుముకోకుండా చెప్పారు. కొన్ని పొలాలు ప్లాట్లయి, పేర్లే తెలియనివారి చేతిలో ఉన్నాయి. ఇప్పటికి పదిహేడు పేర్లు మిగిలాయి. వాటికి రెండు రూపాలనూ పక్కపక్కన వ్రాసి, పాత సంకేతాన్ని కూడా ఉన్నదున్నట్లుగా కింద ఉంచాను.