బళ్లారి రంగస్థలం: పాటా, మాటా



మైకు లేని రోజుల్లో నాటకం చివరి వరుసకు చేరాలంటే నటుడి గొంతే ఆధారం. 1887లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 'చిత్రనళీయం' ఆడించి, తెలుగు నాటకంలో పాటకు పెద్దపీట వేశారు. జనం మెచ్చారు. పోనుపోను నాటకాల్లో పాట ఎక్కువై కథ వెనకబడింది. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ గారు (1880–1946) రాగాలు తగ్గించి, మాటలోని భావానికి ప్రాణం పోశారు. కన్నడంలోనూ నటించారు.

1953 అక్టోబరు 1న బళ్లారి, మన సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. సరిహద్దు మారినా ఈ చరిత్ర ఇరువైపుల వారిదీ. మన పిల్లలు బడిలో కన్నడం చదువుకుంటున్నారు, మంచిదే. ఈ కథ ఇంట్లో తెలుగులో మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?