పాత విమానం బేరం

మాది హిందూపురం. ఉద్యోగానికని యలహంక వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. పాత బిజినెస్ జెట్ కొనబోయేవాళ్ల తరఫున విమానాన్నీ, దాని కాగితాలనీ తనిఖీ చేయడం నా పని. ఇదంతా ఈమధ్య డబ్బున్నవాళ్లు నేర్చుకున్న సరదా అని చాలామంది అనుకుంటారు. నిజానికి బెంగళూరుకు సెకండ్‌హ్యాండ్ విమానాలతో పరిచయం స్వాతంత్ర్యం నాటిది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్క్వాడ్రన్లు హరికేన్ యుద్ధ విమానాలు వదిలి అమెరికన్ థండర్‌బోల్ట్‌లకు అలవాటు పడింది మా యలహంక మైదానంలోనే. అప్పట్లోనే బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (హెచ్.ఎ.ఎల్.) షెడ్లలో అమెరికా సైనిక విమానాలకు మరమ్మతులు జరిగేవి. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటా రవాణా విమానాలు చౌకగా అమ్మకానికొచ్చాయి. దేశంలో పుట్టిన కొత్త విమాన కంపెనీలు చాలావరకు వాటితోనే బతికాయి. నిజాం రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన బేగంపేట దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలనే నడిపింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది లిబరేటర్ల సంగతి. నాలుగు ఇంజిన్ల బాంబర్లవి, సముద్రం మీద గంటల తరబడి గస్తీ తిరగగలవు. యుద్ధం ముగిశాక వాటిని కాన్పూరులో గుట్టగా వదిలేశారు. మళ్లీ ఎవరూ ఎగరేయకుండా పాడుచేసి మరీ పోయారు. మన హెచ్.ఎ.ఎల్. వాళ్లు వెళ్లి, దీని భాగం దానికి వేసి, బెంగళూరు చేరేంత మటుకు సరిచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా ఇక్కడికి ఎగరేసుకొచ్చాడు. పగలగొట్టిన విమానానికి పాత కాగితం పనికిరాదు. ప్రతి రివెట్టూ, ప్రతి తీగా మళ్లీ చూడాల్సిందే. అలా 42 విమానాలు లేచాయి. 1948 నవంబరులో మొదటివి భారత వైమానిక దళం చేతికొచ్చాయి, 1968 దాకా ఎగిరాయి. వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. మరొకటి అమెరికాలోని పిమా మ్యూజియంలో ఉంది.

ఇవాళ నా ముందుకొచ్చేవి గల్ఫ్‌స్ట్రీమ్ జి550, బొంబార్డియర్ గ్లోబల్ లాంటివి. జి550 ఆగకుండా 12,500 కిలోమీటర్లు పోతుంది. బెంగళూరు నుంచి లండన్ దానికి లెక్కే కాదు. కొనేవాళ్లు ముందు సీట్ల తోలు చూస్తారు, నేను చక్రాల దగ్గర కూర్చుంటాను. గ్లోబల్‌కి ల్యాండింగ్ గేరు పదేళ్లకోసారి విప్పి ఓవర్‌హాల్ చేయాలి, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నదే బేరంలో సగం. ఇంజిన్లోకి బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా దింపి బ్లేళ్ల అంచులు చూస్తాను. ఒకసారి లోపలంతా అద్దంలా మెరుస్తున్న జెట్‌లో, గేరు కాలిమీద ఉన్న భాగం సీరియల్ నంబరులో ఒక్క అంకె కాగితంతో కలవలేదు. అమ్మేవాళ్లు అది రాతలో పొరపాటన్నారు. అసలు సర్టిఫికెట్ వచ్చేదాకా నేను సంతకం పెట్టలేదు. ఆ భాగం ఎన్నిసార్లు నేల తాకిందో తెలియకుండా మనుషుల్ని ఎక్కించడానికి నాకు చేతులు రావు.

చూసే దిక్కు లేకపోతే ఎంత ఖరీదైన విమానమైనా ఏమవుతుందో మా బెంగళూరు వ్యాపారి విజయ్ మాల్యా సొంత జెట్, ఎయిర్‌బస్ ఎ319 చూపించింది. సర్వీస్ ట్యాక్స్ బకాయిల కింద 2013 డిసెంబరులో ముంబైలో దాన్ని జప్తు చేశారు. 2016లో వేలానికి 152 కోట్లు కనీస ధర పెడితే ఆ ధరకు కొనే నాథుడు రాలేదు. చివరికి 2018లో, కర్ణాటక హైకోర్టు లిక్విడేటర్ ఆధ్వర్యంలో జరిగిన వేలంలో, 34.8 కోట్లకు ఒక అమెరికన్ కంపెనీ తీసుకుంది. పన్నెండేళ్ల విమానానికి వయసు సమస్య కాదు. ఎండకూ వానకూ నాలుగున్నరేళ్లు కదలకుండా నిలబెట్టడమే దాని ధరను పడగొట్టింది.

పాత జెట్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అడ్వాన్సు ఇచ్చేముందే మీ సొంత ఇంజినీరును పంపండి, అతను వద్దంటే వదిలేయండి.