ఎక్కాలు (సికింద్రాబాద్)

గుణకారాన్ని పిల్లల నోటికి పట్టించే పట్టికలను తెలుగులో ఎక్కాలంటారు. సికింద్రాబాద్‌లో వీటికి పేర్లు చాలా ఉన్నాయి: తెలుగిళ్ళలో ఎక్కాలు, ఉర్దూ బడుల్లో పహాడాలు, మద్రాసు సైన్యం వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయిన తమిళుల ఇళ్ళలో వాయ్‌ప్పాడు, ఇంగ్లీషు బడుల్లో టేబుల్స్.

తెలుగులో లెక్కల పుస్తకం పాతదే. 9వ శతాబ్దపు జైన పండితుడు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లోకి తెచ్చాడు. 152207ను 73తో గుణిస్తే వరసగా ఎనిమిది ఒకట్లు వస్తాయని చూపి, దాన్ని మెడలో హారంతో పోల్చిన సరదా మనిషి మహావీరాచార్యుడు.

వీధిబడి తీరు మాత్రం వేరు. తెలుగు, కన్నడం కలిసిన బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయని కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 నివేదికలో రాశాడు. పొద్దున్నే ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న చుట్టేవారు, మూడోవాడికి చిన్న దెబ్బ. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కో దెబ్బ ఎక్కువ. ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. ఎక్కాలు ఒకడు చెబుతుంటే మిగతావాళ్ళు నిలబడి గొంతు కలిపేవారు. ఈ బడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చదువు చెప్పేవారు. ఈ పద్ధతి లాంటిదాన్నే పాదిరి ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో నడిపి, ఇంగ్లండుకు పట్టుకెళ్ళాడు. పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలకల్లా అప్పజెబుతున్నారని క్యాంబెల్ విసుక్కున్నాడు. ఆ మాట పద్యాలకు చెల్లుతుందేమో, ఎక్కాలకు చెల్లదు.

ఎందుకంటే తెలుగు ఎక్కంలో అర్థం మాటలోనే ఉంది. "రెండు మూళ్ళు ఆరు" అన్నప్పుడు 'మూళ్ళు' అంటే మూడుకు బహువచనం. మూళ్ళు రెండున్నాయని పిల్లవాడి చెవికి తెలిసిపోతుంది. రెళ్ళు, ఏళ్ళు కూడా అంతే. ఇంగ్లీషులోనూ ఆ బహువచనం ఉంది గానీ, 'త్రీజ్ ఆర్' కాస్తా మన పిల్లల నోట "టూ త్రీ జా సిక్స్" అయింది. ఈ 'జా'కు ఇక్కడ అర్థమేమీ లేదు.

1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు ఊళ్ళో ఇంగ్లీషు చదువు తొందరగా వేళ్ళూనింది. 1862లో పుట్టిన ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలే తర్వాత మహబూబ్ కాలేజీ. నిజాం ఏలుబడిలో మాత్రం 1920ల్లో ఖాంగీ (ప్రైవేటు) బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి కావడంతో తెలుగు పంతుళ్ళ బడులు నలిగిపోయాయి.

ఇక్కడి పిల్లలకు ఎక్కాలతో ఒక అదనపు అవసరముండేది. కంటోన్మెంటులో చెల్లేది బ్రిటిష్ కల్దారు రూపాయి, హైదరాబాదులో హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. అంటే నూరు కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు కాబట్టి పన్నెండో ఎక్కం, పదహారో ఎక్కం రాకపోతే కొట్లో మోసపోవడమే. వీసం (పదహారో వంతు), కాలు (పావు), అర, ముక్కాలు వేసే లెక్కలూ అందుకే. 1957లో నయాపైసలు, 1959లో హాలీ సిక్కా రద్దు వచ్చి పదహారో ఎక్కానికి పని లేకుండా చేశాయి.

1980ల్లో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం బడిలోకి కృత్యాలను తెచ్చింది. తెలంగాణ 2022లో చదువు, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇప్పుడు మూడో తరగతిలో చింతగింజలు నాలుగు వరసల్లో మూడేసి పేరుస్తారు. పలకను పక్కకు తిప్పితే అవే మూడు వరసల్లో నాలుగేసి. ఆ ఒక్క తిప్పుతో నూరు లబ్ధాల్లో నేర్చుకోవలసినవి 55కు తగ్గుతాయి. ఒకటి, పది ఎక్కాలు తీసేస్తే 36. రెండు, ఐదు ఎక్కాలు కూడా వచ్చేస్తే మిగిలేవి 21. పిల్లలు తడుముకునేది వాటిలోనే, ముఖ్యంగా ఏడు ఎనిమిదుల దగ్గర.