పళ్లకు లొంగని బిస్కెట్టు

1915 ఆగస్టు, మొదటి ప్రపంచ యుద్ధం. టర్కీలోని గల్లిపోలీ కొండల్లో ఒక కందకం. అందులో ఒక ఆస్ట్రేలియా కుర్రాడిని ఊహించుకుందాం. ఎండకి డబ్బాలోని గొడ్డుమాంసం కొవ్వు కరిగి నూనెలా కారుతోంది. మూత తీసీ తీయగానే ఈగలు ముసిరాయి. విసుగ్గా దాన్ని పక్కనపెట్టి బిస్కెట్టు కొరికాడు. పన్ను కదిలింది గానీ బిస్కెట్టు కదల్లేదు. రాయి మీద పెట్టి తుపాకీ మడమతో రెండు దెబ్బలేశాడు.

"పగలగొట్టకురా, ఇంటికి పంపు. మనం తినేదేంటో మీ అమ్మ కూడా చూస్తుంది!" అన్నాడు పక్కవాడు.

మాటలు మన ఊహే గానీ, ఆ బిస్కెట్టు కష్టాలు మాత్రం అక్షరాలా నిజం. పిండిని గట్టిగా కలిపి, తడి ఆరిపోయేదాకా కాల్చిన పలక అది. తేమ తగలకపోతే నెలల తరబడి చెడదు. సైన్యానికి కావాల్సింది అదే. నీళ్లలో నానబెడితే మెత్తబడేది, కానీ గల్లిపోలీలో తాగే నీళ్లకే కటకట. వాటిని ఓడల్లో తెచ్చి, కంచరగాడిదల మీద కొండపైకి చేర్చాలి. ఆ కంచరగాడిదలను తోలినవాళ్లలో భారతీయ సైనికులూ ఉన్నారు. వాళ్లు కాల్చుకునే వేడివేడి చపాతీలంటే ఆస్ట్రేలియన్లకు మహా ప్రీతి. అవి దొరకనివాళ్లు రేకుకి చిల్లులు పొడిచి, దాని మీద బిస్కెట్టును తురిమి జావ కాచుకునేవారు.

తినలేని బిస్కెట్టు రాసుకోవడానికి పనికొచ్చింది. మన కుర్రాడు పెన్సిల్ ముక్క తీసి ఒకవైపు ఊరి చిరునామా, రెండోవైపు క్షేమసమాచారం రాశాడు. అలా బిస్కెట్లనే ఉత్తరాలుగా పంపినవాళ్లున్నారు. వాటి మీద బొమ్మలు వేసినవాళ్లు, ఫొటో అతికించి ఫ్రేము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. గల్లిపోలీలో 8 వేలమందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. మనుషులు పోయినా, రాతలున్న అలాంటి బిస్కెట్లు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో నేటికీ చెక్కుచెదరలేదు.

అంతకుముందు, 1914 క్రిస్మస్‌కి బ్రిటన్ యువరాణి మేరీ పేరిట సైనికులకు ఇత్తడి పెట్టెలు పంచారు. బ్రిటిష్ సైనికులకు పొగాకు, సిగరెట్లు. సిక్కు సైనికులకు మాత్రం కలకండ, మసాలా దినుసులు. లోపలివి వాడేశాక, ఖాళీ పెట్టెల్లో ఉత్తరాలూ ఫొటోలూ దాచుకున్నారు.

ఎందరినో సైన్యంలోకి పంపిన మన పశ్చిమ గోదావరిలోని 'మిలటరీ మాధవరం' లాంటి ఊళ్లలోనూ తాతల నాటి ట్రంకు పెట్టెలుంటాయి. వాటిలో తుప్పు పట్టిన రేషన్ డబ్బా, సొట్టలు పోయిన మగ్గు కనిపిస్తే పాత సామాన్లవాడికి వేసేయకండి. అది ఎవరిదో, ఏ యుద్ధం నుంచి వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, ఒక చీటీ మీద రాసి అందులో పెట్టండి. చెప్పేవాళ్లు పోతే అది ఉత్త తుక్కే.